ఆ శనివారం నేను తినని చేపలు

తుఫాను వానలు పట్టిన నాలుగో రోజున జమున మా ఇంటికి వచ్చింది. జమున గాసి కూతురు. పాతికేళ్లు నిండని వయసులో నేను కొండల మీద పురుగుమందులు అమ్ముతూ తిరిగినప్పుడు నన్ను ఇంట్లో మనిషిగా చూసుకున్న రైతు గాసి. అప్పట్లో జమున తల్లి వీపున గుడ్డలో వేలాడే పసిగుంట. ఇప్పుడు వాళ్ల ఊరి వార్డు మెంబరు. గొడుగు గుమ్మం బయట పెట్టి, కాళ్లు కడుక్కుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా వచ్చిన పని చెప్పింది. "బాబుగారూ, మా ఊరి పైనున్న మెట్టంతా కింద దేశం నుంచి వచ్చినోళ్లు కౌలుకి తీసుకుని టమాటా, క్యాబేజీ ఏస్తన్నారు. రోజు విడిచి రోజు మందు కొడతన్నారు. వాన పడితే చాలు, మా ఊటలోకి ఎర్రనీళ్లు దిగుతున్నాయి. అడిగితే, కొట్టిన మందు కొట్టిన చోటే ఉంటాది, మీకేటీ అవదు అంటన్నారు. ముప్పయ్యేళ్లు మందుల కొట్టు నడిపిన మనిషి మీరు. ఆదివారం మీటింగుకొచ్చి, అది నిజమో అబద్ధమో మీ నోటితో చెప్పండి. మా మాటైతే ఎవుడూ వినడు."

మోకాళ్ల నొప్పులున్నాయి, చూద్దాం లెమ్మన్నాను. ఆమె గొడుగు తీసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. తలుపు వేశాను. వేసిన మందు వేసిన చోటే ఉంటుందన్న మాటను ఆ కొండ మీదికి మొదట మోసుకెళ్లినవాణ్ణి నేనే. అలా చెప్పమని ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

మాది కింద దేశమే, మైదానం. నాన్న ఏజెన్సీ సంత ఊళ్లో కొట్టు పెట్టడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ముందు కొట్టు, వెనక మేము. బెల్లం, చింతపండు, కిరసనాయిలు, ఎండుచేపల వాసనల మధ్య పెరిగాను. ఆ వాసనలన్నీ నాకు ఇష్టమే. నేను పెద్దవాణ్ణయ్యాక వాటికి ఇంకొకటి తోడైంది. పెరటి పక్క గదిలో గుళికల మందు బస్తాలు చేరాయి. కుళ్లిన వెల్లుల్లిలా గొంతులో పట్టుకునే వాసన. అమ్మ ఆ గది వైపు వడియాలు ఎండబెట్టడం మానేసింది. నాన్న ఆ బస్తాలు ముట్టుకుంటే మోచేతుల దాకా బూడిదా చింతపండూ రాసి కడుక్కునేవాడు. ఆ చొక్కా విప్పి దండెం మీద విడిగా వేసేవాడు. అంతటితో ఆగలేదు. ఒక వానాకాలం, పై కప్పు కారి ఆ గదిలోంచి నీళ్లు పెరట్లోకి రావడం చూసి, గది గుమ్మానికీ నూతికీ మధ్య జానెడు ఎత్తున సిమెంటు గట్టు కట్టించాడు. "ఒరే, ఆ గదిలోని నీరు నూతి వేపు పోనీకు. ఇంటిల్లిపాదీ తాగీ నుయ్యి" అని నాకు చెప్పాడు. నీళ్లు మందును మోసుకుపోతాయని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా నూతికి గట్టు కట్టించిన మనిషి కొడుకుగా ఆ మాట తెలిసే నేను కొండ ఎక్కాను. తరువాతి రోజుల్లో నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ ఆ జానెడు సిమెంటు గట్టు దగ్గరే ఆగిపోయేవి.

గాసి వాళ్ల ఊరు అనంతగిరి దారిలోంచి లోపలికి, రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి నడిస్తే వచ్చేది. గాసి తల్లి సుక్రి. ఆ ఇంటికి పెద్ద దిక్కు ఆమే. తెల్లవారకముందే లేచి రాగి పిండితో చోడి అంబలి కాచేది. దాన్ని ఎండిన ఆనపబుర్రలో పోసి పొలానికి తీసుకెళ్లేది. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. అలా పెట్టుకునే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది. ఆ నిప్పు ఆమె నాలుకకు ఎలా అంటుకోదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను వెళ్లిన రోజుల్లో పడక వాళ్ల అరుగు మీదే. పొయ్యి పొగ, తడి మట్టి, చుట్ట, పులిసిన అంబలి, ఇవన్నీ కలిసిన ఆ ఇంటి వాసన ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పుడు ఆకలి వేయదు.

వాళ్ల పొలం ఊరి పైన వాలులో ఉండేది. వాలుకు అడ్డంగా వరసలు వరసలుగా రాళ్లు పేర్చి ఉండేవి. రాళ్ల వెంబడి గడ్డి కోయకుండా వదిలేసేవారు. చోళ్లు, సామలు, కందులు, వలిసెలు అన్నీ కలిపి చల్లేవారు. అడ్డూ అదుపూ లేని అడవిలా కనిపించి నాకు నవ్వొచ్చేది. వాన వెలిసిన ప్రతి పొద్దునా సుక్రి తట్ట పట్టుకుని రాళ్ల వరసల వెంట తిరిగేది. ఎక్కడైనా గండిపడి మట్టి దిగిపోయి ఉంటే, దాన్ని చేత్తో ఎత్తి తట్టలో వేసుకుని మళ్లీ పైకి మోసి పోసేది. ఒకసారి నేను ఆమెతో, "అమ్మా, తట్టెడు మట్టి కోసం ఇంత కష్టమెందుకు?" అన్నాను. సుక్రి చుట్ట తీయకుండానే, "పోతే మీ కొట్లో అమ్ముతారేటి బాబూ?" అంది. గాసి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

అల్లం ధర బాగున్న రోజులవి. విత్తనం అల్లం మా కొట్లో ఉంది, దానికి వేసే గుళికలూ మా కొట్లోనే ఉన్నాయి. గాసిని ఒప్పించడానికి నాకు రెండు సంతలు చాలాయి. వాలుకు అడ్డంగా మళ్లు కడితే నీరు నిలిచి దుంప కుళ్లుతుందని చెప్పాను. అది నిజమే. అందుకని మళ్లన్నీ పైనుంచి కిందికి నిలువుగా తీయమన్నాను, నీరు జర్రున దిగిపోతుందని. రాళ్లు అడ్డం కాబట్టి తీసేయమన్నాను. వాళ్ల తాతలనాటి రాతి వరసలను గాసీ నేనూ కలిసి మూడు రోజుల్లో లాగేశాం. సుక్రి గట్టు మీద కూర్చుని చూసింది. "నువ్వెప్పుడైనా మట్టి మోసినావేటి బాబూ, తీయమని సెప్పడానికి?" అంది. కొడుకు మొహం చూసి ఊరుకుంది. నాటే రోజున గాసి గుళికలు గుప్పిటతో తీసి మళ్లలో చల్లుతూ, "వానొస్తే కొట్టుకుపోదా బాబూ?" అని అడిగాడు. "పోదు. వేసిన చోటే ఉంటుంది. మట్టిలో ఇంకిపోతుంది" అన్నాను. నా చేతికి మాత్రం ఖాళీ సంచీ చుట్టుకుని ఉంది.

ఇక్కడ లచ్చన్న సంగతి చెప్పాలి. సుక్రికి అతను బావ వరస. ఊరికి చేపల పని చూసే మనిషి. ఎండాకాలం గెడ్డ సన్నబడి మడుగులుగా విడిపోయినప్పుడు, అడవిలోంచి ఒక చెట్టు బెరడు తెచ్చి, రాతి మీద దంచి, మడుగులో కలిపేవాడు. చేపలు మత్తెక్కి వెల్లకిలా తేలేవి. ఆ చేపలు వండుకు తింటే మనిషికేమీ కాదు. తాతల కాలం నుంచి తింటున్నారు. దానికి ఒక కట్టుబాటుంది. బెరడు వేసే ముందు రోజు లచ్చన్న గెడ్డ పొడవునా ఉన్న ఊళ్లన్నిటికీ కబురు పెట్టాలి. ఆ పూట ఎవరూ గెడ్డ నీళ్లు తాగకూడదు, అందరూ బుట్టలతో రావాలి. చెప్పకుండా ఒక్కడే వేసుకుంటే అది దొంగతనం కన్నా పెద్ద తప్పు.

మేము అల్లం నాటిన సాయంత్రమే, శుక్రవారం, వేసవి వాన ఒకటి విరుచుకుపడింది. గంటసేపు కూడా కురవలేదు. అరుగు మీద కూర్చుని చూస్తే, నిలువుగా తీసిన ప్రతి కాలవలోంచీ ఎర్రనీళ్లు తాళ్లు వదిలినట్టు గెడ్డలోకి దిగుతున్నాయి. ఆ చప్పుడు నాకు బాగుంది. దుంప కుళ్లదని సంతోషించాను.

శనివారం పొద్దున ఊరంతా కేకలతో లేచింది. గెడ్డ మడుగులో చేపలన్నీ తెల్లటి పొట్టలతో తేలి ఉన్నాయి. ఆడవాళ్లు బుట్టలతో పరుగెత్తారు. సుక్రి మోకాలి లోతు నీళ్లలో నిలబడి అరుస్తోంది. "సూసినారా మా బావ యెవ్వారం! రేతిరే ఏసీసి, మనకి సెప్పకుండా ఒక్కడే మింగీదామనుకున్నాడు. ముసలి నక్క! బేగి ఏరండే, ఆడు లెగకముందే!" అందరూ నవ్వుతున్నారు. నేను ఒడ్డున నడుచుకుంటూ, గాసి పొలం కాలవలు గెడ్డలో కలిసే చోటికి వెళ్లాను. అక్కడ రాత్రి వాన తెచ్చిపోసిన బురద మెత్తగా కుప్పపడి ఉంది. అందులో అక్కడక్కడా ఊదారంగు గుళికలు. రాళ్ల మీదికి ఎక్కిన పీతలు కాళ్లు ముడుచుకుని చచ్చి ఉన్నాయి. బెరడు వేస్తే పీతలు చావవు. అది నాకూ తెలుసు. అక్కడికి నేనొక్కణ్ణే వెళ్లాను కాబట్టి ఆ పీతలను ఇంకెవరూ చూడలేదు.

కాలితో బురద కదిపి ఆ గుళికలను కప్పేశాను.

ఆ పని ఎందుకు చేశానో ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఆలోచించాను. చేపలు తింటే మనుషులు చచ్చిపోతారని నాకు కచ్చితంగా తెలియదు. ఇది నిజం. మహా అయితే కడుపునొప్పి వస్తుందేమో అనుకున్నాను. కాని నా మాట అబద్ధమైందని ఊరికి తెలిస్తే, గాసి వెనక వరసలో నిలబడ్డ ఇంకో పదిమంది రైతులు అల్లం మానేస్తారు. అది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. తెలియని దాన్ని వదిలేసి, తెలిసిన దాన్ని చూసుకున్నాను.

మధ్యాహ్నం సుక్రి చింతపండు పులుసు పెట్టి చేపలు వండింది. అడ్డాకు విస్తరిలో మంచి ముక్కలు ఏరి నా ముందు పెట్టింది. "ఈ రోజు శనివారం కదమ్మా. నీసు తినను" అన్నాను. సుక్రి చుట్ట నోట్లోంచి తీసింది. మామూలుగా తీసేది కాదు. "పోయిన శనివారం మా కోడిని తిన్నావు గదా బాబూ. కోడి నీసు కాదేటి? మీ దేవుడు కోడిని ఒగ్గీసి సేపని పట్టుకున్నాడేటి?" అంది. గాసి పొట్ట పట్టుకుని నవ్వాడు. గాసి భార్య కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. నేనూ నవ్వుతూ, "ఈ వారం నుంచే మొక్కుకున్నాను" అన్నాను. ముందు రోజు కాచిన అంబలిలో ఉప్పూ మిరపకాయా నంజుకుని తిన్నాను. తలకాయలు పెద్దవాళ్లకు పెట్టడం ఆ ఇంటి పద్ధతి. ఆ రోజు తలకాయలన్నీ సుక్రి విస్తరిలోకి వెళ్లాయి. ఆమె ఒక్కొక్కటీ చప్పరించి తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను.

తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేకుండా చేసింది ఆ శనివారం సాకే. తెలియనివాడు తినేవాడు.

పొద్దు వాలకముందే నాలుగిళ్లలో వాంతులు మొదలయ్యాయి. మిగతావాళ్లు తేరుకున్నారు. సుక్రి తేరుకోలేదు. నోట్లోంచి చొంగ ఆగలేదు. ఒళ్లంతా చెమట. కళ్లలో నల్లగుడ్డు ఆవగింజంత అయిపోయింది. గాసీ ఇంకొకడూ దుప్పటితో డోలీ కట్టి ముందూ వెనకా భుజాన వేసుకున్నారు. పెద్దాసుపత్రికి వెళ్లే జీపు దొరికే రోడ్డు దాకా అలా మోసుకెళ్లాలి. నేను డోలీ పక్కన నడిచాను, ఆమె చెయ్యి పట్టుకుని. రోడ్డు కనిపించేసరికి ఆ చెయ్యి బరువెక్కింది.

మూడో రోజున ఊరి పెద్దలు కూర్చున్నారు. లచ్చన్నను మధ్యలో నిలబెట్టారు. "నాను బెరడు ఎయ్యలేదు. ఎస్తే మీకు సెప్పనా? నా మరదలు తాగీ నీళ్లలో నాను సెప్పకుండా ఎస్తానా?" అని మళ్లీ మళ్లీ అదే అన్నాడు. చేపలు తేలడం అందరూ చూశారు. ఆ పని తెలిసినవాడు అతనొక్కడే. గాసి ఏడుస్తూ నా పక్కన కూర్చుని ఉన్నాడు. పెద్దల్లో ఒకాయన నా వైపు తిరిగి, "సదువుకున్నోడివి బాబూ. నువ్వు సెప్పు. బెరడుకి మనిషి సస్తాడా?" అని అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే తేలికైన అవకాశం మనిషికి దొరకదు. నేను, "ఏ చెట్టు బెరడో చూడాలి. కొన్ని విషం చెట్లు కూడా ఉంటాయి" అన్నాను. లచ్చన్న నా మొహం చూశాడు, కోపంగా కాదు, ఈ బాబుకి పాపం తెలియదు అన్నట్టు. మేకను తప్పు కింద జరిమానాగా కట్టించి, నిప్పూ నీళ్లూ ఆపేసి, అతన్ని ఊరి నుంచి పంపేశారు. గెడ్డ అవతల ఇంకో ఊళ్లో ఉన్న కూతురి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ ఏడు అల్లం బాగా పండింది. మరుసటి ఏడు ఆ వాలంతా అల్లమే, నిలువు మళ్లే. అందరికీ గుళికలు నేనే మోసుకెళ్లాను. నాన్న పోయాక కొట్టు నాదైంది. కాలం మారినకొద్దీ డబ్బాల మీద బొమ్మలు మారాయి, వాసనలు మారాయి, నా మాట మాత్రం మారలేదు.

జమున వచ్చి వెళ్లిన మర్నాడు జీపెక్కి ఆ ఊరు వెళ్లాను. ఇప్పుడు ఇంటి ముందు దాకా సిమెంటు రోడ్డుంది. గాసి పొలంలో కాలు పెడితే చీలమండ దాకా దిగే మెత్తటి మట్టి ఉండేది. ఇప్పుడు అక్కడ రాళ్లు పళ్లలా బయటపడి, మధ్యలో కంచెపొదలు. మనిషి మునిగే మడుగు ఇసుకమేటై కోళ్లు తిరుగుతున్నాయి. పై మెట్టలో కౌలు టమాటా ఎర్రగా కాసింది. రోడ్డు వార వలిసె పూలలో నిలబడి టూరిస్టులు ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ పచ్చటి పూల కింద ఎంత మట్టి మిగిలిందో వాళ్లకు తెలియదు. తెలియనందుకు వాళ్లను నేను తప్పుపట్టలేను. తెలిసినవాళ్లం ఏం చేశామో చెప్పాను కదా.

జమునకు అంతా చెప్పాను. నేల మీద కూర్చుని ఆమె విన్నది. నేను ఆపాక, "మామ్మ ఎలాగుండేదో నాకు తెలీదు. ఫోటో కూడా నేదు" అంది. తరువాత, "ఆదివారం మీటింగులో ఇదే చెప్పండి. ఇలాగే. ఎక్కడా తగ్గించకండి" అంది.

ఆదివారం బడి వరండాలో చెప్పాను. కౌలు రైతులు ఇద్దరు వచ్చి గోడకానుకుని విన్నారు. నేను ముగించాక వాళ్లలో ఒకడు, "అప్పటి మందులు ఏరు, ఇప్పటివి ఏరు" అన్నాడు. "ఈ మాట కూడా నేను చాలాసార్లు అమ్మాను బాబూ" అన్నాను. ఊటకు పైనున్న మెట్ట ఇకమీదట కౌలుకు ఇవ్వకూడదని ఊరివాళ్లు చేతులెత్తారు. ఆ మాట మీద ఎంతమంది నిలబడతారో నాకు తెలియదు. అందరూ లేచిపోయాక గాసి ఒక్కడే మిగిలాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ముసలివాడై వంగిపోయాడు. కర్ర తీసుకుని లేచి, "నడు. లచ్చన్న పెదనాన్న ఇంకా బతికే ఉన్నాడు" అన్నాడు. అతని వెనకే గెడ్డ దాటాను.

లచ్చన్నకు తొంభై దగ్గర పడి ఉంటాయి. కళ్లలో తెల్లటి పొర. కూతురి ఇంటి అరుగు మీద గోనెపట్టా వేసుకుని కూర్చుని ఉన్నాడు. గాసి అతని చెవి దగ్గర వంగి, "పెదనాన్నా, సంత ఊరి బాబు. నీకో మాట సెప్పాలట" అన్నాడు. నేను కింద నేల మీద కూర్చుని చెప్పాను. గుళికలు, వాన, బురద, పంచాయతీలో నేనన్న మాట, అన్నీ. అతను ఆశ్చర్యపోలేదు. "నాను ఎయ్యలేదని నాకు తెల్సు గదా బాబూ. అది నువ్వు సెప్పాలేటి?" అన్నాడు. తరువాత నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు. "డోలీ పక్కన నడిసినోడివి నువ్వే గదా. దారిలో సుక్రి నా పేరెత్తిందా?"

గాసి కూడా నా వైపు చూశాడు. ముందు భుజం అతనిదే కాబట్టి ఆ రోజు తల్లి మాటలు అతనికి వినిపించలేదు. లేదు అని చెబితే ఆ ముసలాయన నిద్రపోయేవాడేమో. ఆ కొండ మీద నేనాడిన అబద్ధాలన్నిటిలో అది ఒక్కటే మంచిది అయ్యుండేది. కాని అది కూడా అన్ని అబద్ధాలాడిన ఈ నోటినుంచే రావాలి.

"ఎత్తింది" అన్నాను.

"ఏటంది?"

"బావ నన్ను సంపీసినాడు, అంది."

లచ్చన్న రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. లోపల అతని కూతురు పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అప్పుడు నువ్వేటన్నావు బాబూ?"

"ఏమీ అనలేదు" అన్నాను.